అటక మీద ఆవిడ, అటక కింద ఆయన

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని లోకం తిట్టిపోస్తుంది. ఆవిడకి మాత్రం ఇన్నేళ్ళూ తిండి పెట్టింది ఆ వాసాలు లెక్కపెట్టడమే. పద్దెనిమిదేళ్ళుగా ఊరందరి అటకలూ ఎక్కి, మోకాళ్ళ మీద పాకి, ఏ వాసం గట్టిది, ఏ దూలం పుచ్చింది, ఏది ఎంత దూరంలో ఉందో చూసుకున్నాకే రంపం బయటికి తీసేది. అందుకే అందరూ ఆవిడని అటకమ్మ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు బ్యాంకువాళ్ళు పిలిస్తే తప్ప వినపడదు. పిలిచినా ఎవర్నో అనుకుని పక్కకి చూస్తుంది.

ఇంతకీ ఆవిడ పనేమిటంటే, ఇంటి మొత్తానికీ కలిపి ఒకే ఒక పెద్ద ఫ్యాను బిగించడం. మన గదుల్లో తిరిగే ఫ్యాను ఉన్న గాలినే తిప్పి తిప్పి మన మొహాన కొడుతుంది. ఇది అలా కాదు. నడవ సీలింగులో చదరంగా కన్నం కోసి, దాని మీద, సీలింగుకీ పైకప్పుకీ మధ్య ఉండే అటకలో దీన్ని కూర్చోబెడతారు. పొద్దు వాలాక బయట చల్లబడ్డా, ఇల్లు మాత్రం పగలంతా తాగిన ఎండని కక్కుతూనే ఉంటుంది కదా! అప్పుడు కిటికీలన్నీ తెరిచి దీని స్విచ్చి వేస్తే, ఇంట్లో వేడినంతా పైకి లాగి, అటక గోడలకున్న జాలీల్లోంచి బయటికి తోసేస్తుంది. ఖాళీ అయిన చోటుకి కిటికీల్లోంచి చల్లగాలి దానంతటదే వస్తుంది. చెప్పడానికి నాలుగు ముక్కలు. బిగించడానికి మాత్రం ఎవరో ఒకరు ఆ అటకలో పాకాలి.

నిజానికి పాకాల్సింది ఆయన. ఆయనంటే అటకమ్మ మొగుడు, ఊరందరికీ మేస్త్రి. పనితనంలో వంక పెట్టడానికి లేదు. నడవలో నిలబడి సీలింగు మీద గీత గీస్తే వెంట్రుకవాసి తేడా రాదు. వచ్చిన చిక్కల్లా ఆ మనిషి ఒడ్డూ పొడుగే. మొట్టమొదట ఒప్పుకున్న ఇంట్లో అటక మూత తీసి, ఆ కన్నంలోంచి దూరబోయి నడుం దగ్గర ఇరుక్కుపోయాడు. పైకి పోడు, కిందికి రాడు. ఇంటాయన ఒక కాలూ, ఇంటావిడ ఒక కాలూ పట్టుకుని లాగితే చొక్కా అక్కడే వదిలేసి ఊడిపడ్డాడు. ఆ రోజు సాయం చేద్దామని వెంట వెళ్ళిన పెళ్ళాం, పీచులా ఉండే మనిషి, "ఉండండి, నేను చూస్తాను" అని టార్చి పట్టుకుని ఎక్కింది. అంతే. ఆ ఎక్కడం ఎక్కడం పద్దెనిమిదేళ్ళు ఎక్కుతూనే ఉంది.

అటకలో ఎలా ఉంటుందో కింద ఉన్నవాళ్ళకి చెప్పినా తెలియదు. మధ్యాహ్నం పూట రొట్టెలు కాల్చే పొయ్యిలో తల పెట్టినట్టే. ముక్కుకి గుడ్డ, తలకి గుడ్డ, పొడుగు చేతుల చొక్కా, మోకాళ్ళకి రబ్బరు చిప్పలు. ఎండ కిందికి దిగకుండా దూలాల మధ్య పరిచిన గాజుపీచు మెడలో పడితే రెండు రోజులు గోక్కోవాలి. కాలు ఎప్పుడూ దూలం మీదే ఉండాలి. దూలానికీ దూలానికీ మధ్య ఉన్నది ఉత్త సీలింగు బోర్డు, బిస్కెట్టు ముక్కలా విరుగుతుంది. అందుకని రెండు పలకలు వెంట తీసుకెళ్ళి, ముందుకి ఒకటి వేసి, వెనకది లాక్కుని, దాన్ని మళ్ళీ ముందుకి వేస్తూ పోవాలి.

ఇదంతా చేసి, చెమటతో మసితో దెయ్యంలా దిగి వచ్చేసరికి నిచ్చెన మొదట్లో ఆయనుంటాడు, చేతిలో టీ గ్లాసుతో. అదిగో, అక్కడ మండేది ఆవిడకి. ఏ ఇంటికి వెళ్ళినా అదే వరస. "అయిందా?" అంటాడు నిమ్మకు నీరెత్తినట్టు. పైనుంచి స్క్రూలు అందించమని అరిస్తే, నిచ్చెన దగ్గరికి రావడానికి అర నిమిషం పడుతుంది మహానుభావుడికి. కుర్చీలోంచి లేచి, చెప్పులు తొడుక్కుని, గ్లాసు కింద పెట్టి రావాలిగా మరి! పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా "పైన ఎలా ఉందే?" అని అడిగిన పాపాన పోలేదు. తను పైన ఉడికి చచ్చినా ఈ మనిషికి గ్లాసు ఖాళీ అయ్యాకే తెలుస్తుందని ఆవిడ నమ్మకం.

నమ్మకం అలా ఉంటే, మోకాళ్ళు ఇంకోలా ఉన్నాయి. చిప్ప అరిగిపోయిందనీ, ఇంక పాకడం మానకపోతే నడవడం మానాల్సి వస్తుందనీ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అదే వారం ఫ్యాన్లూ పైపులూ అమ్మే షాపాయన కబురు పెట్టాడు. కౌంటరు దగ్గర కూర్చుని, ఎంత ఇంటికి ఎంత ఫ్యాను కావాలో, ఎన్ని జాలీలు ఉండాలో వచ్చినవాళ్ళకి చెప్పాలి. నీలాగా తెలిసినవాళ్ళు నాకు దొరకరు, ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్యి, కాదంటే శుక్రవారం సాయంత్రంలోపు చెప్పు, ఇంకొకరిని చూసుకుంటాను అన్నాడు.

వస్తానందామనే ఉంది. మొగుడికి చెప్పడానికే నోరు రావడం లేదు. అటకెక్కే మనిషి లేకపోతే ఆయన పని అటకెక్కినట్టే కదా! చెబితే ఆయన చేతులు తనే విరిచినట్టవుతుంది. చెప్పకపోతే తన కాళ్ళు తనే విరుచుకున్నట్టు. నాలుగు రోజులు ఇటూ అటూ ఊగి, చివరికి కోపాన్నే తోడు తెచ్చుకుంది. "కూర్చుని టీ తాగే మనిషికి పైకెక్కే మనిషి ఎవరో ఒకరు దొరక్కపోరులే. నేనేమయినా ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండదు" అనుకుని, శుక్రవారం పని అయ్యాక చెప్పేద్దామని గట్టిగా నిశ్చయించుకుంది.

ఆ శుక్రవారం పని టీచరమ్మ ఇంట్లో. ఉద్యోగం నుంచి దిగిపోయి ఏడేళ్ళయినా ఆవిడ ఇంకా బడి నడుపుతూనే ఉంది, ఇంట్లో. పుస్తకాలన్నిటికీ అట్టలు, డబ్బాలన్నిటికీ చీటీలు. ఒక నోటు పుస్తకంలో నెల రోజుల నుంచి ఏ గదిలో ఏ వేళకి ఎంత వేడి ఉందో రాసిపెట్టింది. వీళ్ళు చెప్పులు విప్పకముందే ఆ పుస్తకం చేతిలో పెట్టి, "చదవండి. వెనక పడకగది మీ చేత ప్యాసవుతుందో లేదో చూస్తాను" అంది.

మేస్త్రి ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. అటక గోడలకి తూర్పున ఒక జాలీ, పడమటన ఒక జాలీ ఉన్నాయి, సరిపోతాయన్నాడు. నడవలో గీతలు గీశాడు. అటకమ్మ ఎక్కి, దూలాలు చూసుకుని, గీత వెంబడి కోసింది. చట్రం బిగించింది. ఆయన కింద నుంచి ఫ్యాను ఎత్తిపట్టుకుంటే, ఆవిడ పైనుంచి తాడుతో లాక్కుని, చప్పుడు ఇంట్లోకి దిగకుండా పట్టీలతో వాసాలకి వేలాడదీసింది. వైర్లు కలిపింది. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే మూడున్నరకి పని అయిపోయింది, లేదా అయిపోయిందనుకున్నారు.

ఇల్లలకగానే పండగ కాదుగా! కిటికీలన్నీ తెరిచి స్విచ్చి వేశారు. ఫ్యాను తిరిగింది. టీచరమ్మ ఒక పలచని కాగితం ముక్క కిటికీ ముందు పట్టుకుని నిలబడింది. గాలి లాగితే అది లోపలికి ఎగరాలి. కాగితం ఒకసారి కదిలి ఊరుకుంది.

"నేను ఊదినా ఇంతకంటే ఎగురుతుంది" అంది టీచరమ్మ.

మేస్త్రి తల గోక్కున్నాడు. అటకమ్మకి ఫ్యాను మోత వినగానే తెలిసిపోయింది. గాలి పైకి వస్తోంది గానీ బయటికి పోయే దారి లేక గుడుగుడులాడుతోంది. "పడమటి జాలీ మూసుకుపోయి ఉంటుందండీ. రంగులు వేసినవాళ్ళు సందులన్నీ పూడ్చేసి ఉంటారు" అంది.

"రోడ్డు మీంచి చూస్తే బాగానే ఉందే!" అన్నాడాయన.

"కింద నుంచి చూసేవాళ్ళకి అన్నీ బాగానే ఉంటాయి" అంది ఆవిడ. ఆ మాటలో జాలీ ఒక్కటే లేదని ఆవిడకి తెలుసు. ఆయనకి తెలిసిందో లేదో, స్విచ్చి ఆపి నిచ్చెన పట్టుకున్నాడు. టీచరమ్మ వంటింట్లోంచి టీ తెచ్చి నడవలో బల్ల మీద పెట్టింది. అటకమ్మ ఆ గ్లాసు వైపు ఒక చూపు చూసి ఎక్కింది.

పడమటి జాలీ అంటే ఇంటికి ఆ చివర, వెనక పడకగదికి పైన. పలకలు వేసుకుంటూ స్నానాలగది మీద దాకా వెళ్ళింది. అక్కణ్ణుంచి ఇంకో పది అడుగులుంటుంది. వెనకది లాగి మళ్ళీ ముందుకి వెయ్యాలంటే మోకాలు మెలి తిప్పాలి. పొద్దుట్నుంచీ ఆ మోకాలు పళ్ళు కొరికించేస్తోంది. "ఇన్నేళ్ళు పాకాను, పది అడుగులకి పలకెందుకు" అనుకుని దూలం మీద అడుగులు వేసుకుంటూ కదిలింది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇలాంటి పని చెయ్యరు, భయం ఉంటుంది కాబట్టి. అన్నీ తెలిసినవాళ్ళే చేస్తారు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. షాపాయనే అయ్యుంటాడు. చెయ్యి జేబులోకి పోయింది. ఎడమ కాలు దూలం మీంచి జారింది.

బోర్డు ఫెళ్ళుమంది. కాలు తొడ దాకా కిందికి దిగిపోయింది. ఫోను ఎగిరి పీచులో ఎక్కడో పడింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అరుద్దామంటే గొంతులో కేక ఇంకా పైకి రానే లేదు, గాలిలో వేలాడుతున్న పాదాన్ని కింద నుంచి రెండు చేతులు పట్టేసుకున్నాయి.

"దొరికింది, దొరికింది! కదలకు!" అన్నాడు మొగుడు, సరిగ్గా తన కింద నుంచి.

ఆవిడకి అర్థం కాలేదు. నిచ్చెన నడవలో ఉంది. టీ నడవలో ఉంది. ఈయన వెనక పడకగదిలో ఏం చేస్తున్నాడు?

"నీ కుడి పక్కన జానెడు దూరంలో దూలం ఉంది. చెయ్యి చాపి పట్టుకో. ఎడమ వైపు చూడకు, అటు దూలం దూరం. పట్టుకున్నావా? ఇప్పుడు ఈ కాలు నా భుజం మీద ఆనించి లే."

"కాలా! మీ భుజం మీదా!"

"ఇప్పుడా మర్యాదలు! తొక్కవే తల్లీ, తొక్కు!"

తొక్కింది. ఆ భుజం కొంచెం కూడా కదల్లేదు. లేచి దూలం మీదికి ఒరిగి, ఊపిరి పీల్చుకుని, వెనక్కి పాకి, పలకల మీదికి వచ్చి, నిచ్చెన దిగింది. కాలు పొడుగునా గీరుకుపోయి మండుతోంది గానీ విరగలేదు. ఆయన అప్పటికే నిచ్చెన దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. నెత్తి నిండా సున్నపు పొడి, కళ్ళద్దాల మీద బోర్డు ముక్కలు, చేతులు మాత్రం ఇంకా పైకే ఎత్తి ఉన్నాయి. కాళ్ళకి చెప్పులు లేవు. బల్ల మీద టీ నిండుగా, మీగడ కట్టి, పెట్టింది పెట్టినట్టే ఉంది.

"మీరు ఆ గదిలోకి ఎందుకెళ్ళారు?" అంది ఆవిడ.

ఆయన నేల చూపులు చూశాడు, దొంగలా.

జవాబు చెప్పింది టీచరమ్మ. పడకగదిలో సీలింగుకి పడిన కన్నం చూసొచ్చి, నోటు పుస్తకంతో విసురుకుంటూ అంది. "ఎందుకెళ్ళారేమిటి, పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉన్నాడుగా! పైన నువ్వు ఎటు పాకితే కింద ఆయన అటు నడుస్తాడు, మొహం పైకెత్తి, చేతులు చాపి. నా కుర్చీకి రెండుసార్లు గుద్దుకున్నాడు. ఏమిటయ్యా, బల్లులు పడుతున్నావా అంటే, అరవకండమ్మా, చప్పుడు వినాలి అన్నాడు. మీ పనిలో ఇదో పద్ధతి కాబోలు అనుకున్నాను. పద్ధతి కాదా?"

అటకమ్మ నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది మొగుణ్ణి.

"మొదటి ఇంటి నుంచి" అన్నాడాయన. "నీ మోకాలు దూలం మీద పడితే ఒక చప్పుడు, పలక మీద పడితే ఒక చప్పుడు. వింటూ వెంట వస్తాను. చెప్పులుంటే వినపడదని విప్పేస్తాను. నువ్వు మూత వైపు తిరిగావని తెలియగానే పరుగెత్తి నిచ్చెన దగ్గరికి వచ్చేస్తాను."

"వచ్చి?"

"గ్లాసు పట్టుకుంటాను."

"తాగరా?"

"చల్లారిన టీ ఎవరు తాగుతారే?"

ఆవిడకి ఒక్కసారిగా ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఈ మనిషిని మనసులో తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒకటా రెండా? అటకంత తిట్లు! "చెప్పడానికి ఏం రోగం మీకు? పైన ఒక్కదాన్నే చస్తున్నాననుకున్నానే! ఒక్కనాడైనా చెప్పి చావచ్చుగా!"

"ఎలా చెప్పనే?" అన్నాడాయన. అంత పెద్ద మనిషి గొంతు అంత చిన్నది కావడం టీచరమ్మ కూడా చూసింది. "కింద ఉన్నవాడు వణుకుతున్నాడని తెలిస్తే పైన ఉన్న కాలు నిలుస్తుందా? నీకు భయం లేదు. నా భయం నీకు అంటించడం ఎందుకని ఊరుకున్నాను. నువ్వు ఎక్కిన ప్రతిసారీ మానెయ్యమందామనుకుంటాను. మానేస్తే నా పని ఏమవుతుందని నోరు మూసుకుంటాను. సిగ్గు లేనివాణ్ణి."

టీచరమ్మ పోయి దూదీ, మందు సీసా పట్టుకొచ్చి, "కన్నం సంగతి రేపు చూద్దాం" అంది. ఆవిడ బడిలో గడువు పెంచడం అదే మొదటిసారి అయ్యుంటుంది.

కాలికి మందు రాసుకుని అటకమ్మ లేచింది. జాలీ ఇంకా మూసుకునే ఉంది. ఫోను ఇంకా పైనే ఉంది. ఆయన వద్దన్నాడు, రేపు గోడకి నిచ్చెన వేసి బయట నుంచి నేనే గీకుతానన్నాడు. "రంగు సందుల్లోంచి లోపలికి కారి గట్టిపడి ఉంటుంది, బయట నుంచి రాదు" అని ఆవిడ ఎక్కేసింది. ఈసారి మోకాలు ఎంత మెలి తిరిగినా పలకలు చివరి దాకా మార్చుకుంటూ వెళ్ళింది. ఉలితో జాలీ సందులు ఒక్కొక్కటే గీకింది. రంగు పెచ్చులు రాలి, సాయంత్రపు గాలి మొహానికి తగిలింది.

పీచులో ఫోను మళ్ళీ మోగింది. వెలుగు చూసుకుని, వెతికి పట్టుకుని, మాట్లాడే ముందు కిందికి చూసింది. తన కాలు చేసిన కన్నంలోంచి పడకగది నేల ఒక ముక్క కనపడుతోంది, అందులో ఒట్టి పాదం ఒకటి. ఇన్నేళ్ళలో ఆ పాదం అక్కడ ఉండగా చూడటం అదే మొదలు. కళ్ళు నీళ్ళతో మసకబారాయి. తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేవు.

"ఏమ్మా, శుక్రవారం అన్నాను కదా. వస్తున్నావా, లేదా?" అన్నాడు ఫోనులో షాపాయన.

ఆవిడ కావాలనే గొంతు పెంచింది. కింద ఉన్న మనిషికి ఒక్క ముక్క కూడా పోకుండా వినపడాలి. "వస్తానండీ. ఒకటో తారీఖు నుంచి వచ్చి మీ షాపులో కూర్చుంటాను. మోకాళ్ళు పోయాయి. ఇంక అటకలు ఎక్కను. ఇదే ఆఖరుది."

ఫోను పెట్టేసి కన్నం వైపు చెవి ఒగ్గింది. ఆ ఒక్క మాటతో ఆయన పనికి తనే తాళం వేసినట్టయింది. ఏమంటాడో? ఎందుకు దాచావంటాడా, నా గతేమిటంటాడా? కింద పాదం కదల్లేదు.

తర్వాత, సరిగ్గా ఆవిడ మోకాళ్ళ కింద నుంచి, బరువైన మనిషి నేల మీద చతికిలబడ్డ చప్పుడు వినపడింది.

"అమ్మయ్య!" అన్నాడాయన.